ఆర్టీమియా తిండి కాదండీ, క్యారేజీ!

"ఆర్టీమియా వేసేస్తన్నాం కదండీ, అంతా ప్రోటీనే, ఇంకేటి కావాల?" పూసపాటిరేగ నుంచి ఇటు శ్రీకాకుళం దాకా ఈ మాట ఎవరన్నా నాకు తిక్క లేస్తాది. ఆర్టీమియా అంటే ఉప్పునీళ్లలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవి, దాని గుడ్లు పొదిగించి ఆ పిల్లల్ని చేపపిల్లలకి మేతగా వేస్తాం.

ప్రోటీన్ లేదని కాదు. అప్పుడే పొదిగిన పిల్ల ఎండు బరువులో సుమారు సగం ప్రోటీనే, కొవ్వు కూడా బానే ఉంటాది. కానీ దాన్ని తిండి అనుకోకండి, పొద్దున్నే ఇంట్లో కట్టిన క్యారేజీ అనుకోండి. ఈ క్యారేజీకి ఒక దరిద్రపు అలవాటుంది, లోపలి అన్నం దారిలో అదే తినేస్తాది!

ఎలాగంటే, గుడ్డులోంచి వచ్చిన పిల్లకి నోరు ఇంకా పనిచెయ్యదు, లోపలున్న పచ్చసొన కరిగించుకుని బతుకుతాది. గుడ్లు పొదిగించే కోన్ తొట్టి అడుగున లైటు పెడితే నారింజ రంగు పొగలా వచ్చి మూగుతాయి చూడండి, ఆ రంగే అన్నం. 28 డిగ్రీల్లో ఒక రోజు వదిలేస్తే శక్తిలో పావు వంతు పైనే ఎగిరిపోద్ది, రంగు వెలిసిపోద్ది, పైగా ఒళ్లు పెరిగి జోరుగా ఈదుతాయి, మన చేపపిల్లకి చిక్కవు కూడాను.

మా షెడ్డులో ఓసారి పండుగప్ప పిల్లలకి ఇలాగే ముందురోజువి వేశాం. పొట్టలన్నీ నిండుగా ఉన్నాయి, మేం తెగ సంబరపడిపోయాం. తెల్లారి బకెట్ మార్చేసరికి గిర్రున తిరిగి వెల్లకిలా పడ్డాయి. అప్పుడు బుర్రకెక్కింది, మూత తీస్తే అన్నం ఉంది గానీ కూర లేదని.

ఆ కూర పేరు డీహెచ్ఏ. కంటికీ మెదడుకీ కావాల్సిన కొవ్వు. ఆర్టీమియాలో అది దాదాపు సున్నా. మంచినీటి చేపలు చాలావరకు వేరే కొవ్వులోంచి తయారుచేసుకోగలవు, అందుకే మీ గప్పీలకి ఏం కాదు. సముద్రపు చేపపిల్లకి ఆ వీలు లేదు, కూర మనమే వెయ్యాల. చాలా డబ్బాల్లో గుడ్లు అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్‌వి, వాటిలో ఈపీఏ అని డీహెచ్ఏ లాంటిదే ఇంకో కొవ్వు, అది కూడా తక్కువే. మన నౌపడ ఉప్పుమడులు చూసినప్పుడల్లా ఇక్కడే పెంచుకోవచ్చు కదా అనిపిస్తాది, సరే అది ఇంకో వీడియో.

మరి కూర ఎలా పెడతాం? పొదిగిన ఓ ఎనిమిది గంటలకి చర్మం మార్చుకుని నోరు తెరుస్తాది, ఇక నీళ్లలో సన్నగా ఏది తేలినా మింగేస్తాది. అప్పుడు చేపనూనె ఎమల్షన్, అంటే నీళ్లలో సన్న చుక్కలుగా కలిసిపోయే నూనె, కలిపి 12 నుంచి 24 గంటలు ఉంచితే ఖాళీ క్యారేజీ మళ్లీ నిండుద్ది. ఎన్‌రిచ్‌మెంట్ అంటే అంతే, పేరే పెద్దది.

టైమైపోతంది, గబగబా చెప్పేస్తా. నింపిన కూర కూడా అది ఊరికే ఉంచదు, డీహెచ్ఏని ఈపీఏ కింద మార్చేసుకుంటాది, అంచేత వెంటనే వెయ్యండి. కుదరకపోతే బాగా కడిగి, గాలి ఆడేలా పెట్టి 4 డిగ్రీల చల్లదనంలో ఉంచండి, ఆకలి మందగిస్తాది. ఖాళీ గుడ్డు పెంకులు పైకి తేలాక కిందనున్న పిల్లల్నే తియ్యండి, పెంకు అరగదు. స్టీలు గిన్నె నమలమని ఎవరైనా పిల్లాడికి ఇస్తామా?