ఎవరి కుర్చీలో కూర్చున్నాం?

వేదిక మీదున్న అయ్యగార్లకు, పాస్టరమ్మలకు, సంఘ పెద్దలకు, ముందు చాప మీద కుదురుగా కూర్చోలేకపోతున్న సండే స్కూలు పిల్లలకు ప్రభువు పేరిట వందనాలు. పేర్లు చదవను. ఎవరి పేరు ముందు చదవాలన్న గొడవకే నిరుడు అన్ని సంఘాలూ కలిసి చేసుకునే ఇదే ఐక్య క్రిస్మస్‌లో అరగంట పోయింది. ఎమ్మెల్యే గారు దారిలో ఉన్నారట. ఆయన వచ్చి కేక్ కోసేదాకా నన్ను మాట్లాడుతూ ఉండమన్నారు. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పినవాడికి మైకు ఇచ్చి ఆ మాట అనకూడదు.

నాకిచ్చిన అంశం 'క్రీస్తులో ఐక్యత'. వాక్యాలు రాసుకొచ్చాను, జేబులోనే ఉన్నాయి. కానీ వెనక నుంచి నడిచొస్తుంటే మీ కుర్చీల వీపులు కనిపించాయి. టెంట్‌హౌస్ వాళ్ల ఫోన్ నంబరు తప్ప వాటి మీద ఏమీ లేదు. అమ్మయ్య అనుకున్నాను.

మా ఊరి చర్చికి ఒక ఎన్నికల ఏడాది వంద తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఒక్కోదాని వీపు మీద ఎర్ర పెయింటుతో ఇచ్చినాయన పేరు, కింద 'గారి సౌజన్యంతో' అని. అప్పటిదాకా మేం చాపల మీద కూర్చునేవాళ్లం, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలకు గోడవారన రెండు బల్లలుండేవి. మొదటి ఆదివారం అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. రెండో ఆదివారం పన్నెండు కుటుంబాలు వాటిని ముట్టలేదు. వాళ్లు అవతలి పార్టీ. ఇళ్ల నుంచి చాపలు చంకన పెట్టుకొచ్చారు. ఇంకో నెలకి చాపలవాళ్ల ఆరాధన పొద్దున ఏడింటికి, కుర్చీలవాళ్లది పదింటికి అయింది. ఏడాది తిరక్కుండా చాపలవాళ్లకు వేరే రేకుల షెడ్డు, వేరే పాస్టరు, వేరే బోర్డు. ఇప్పుడడిగితే సిద్ధాంతం కుదరక విడిపోయాం అంటారు. బాప్తిస్మం చిలకరింపా, ముంచడమా అని. ఆ కుర్చీలు రాకముందు మా ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదండీ! ఎన్నికలు పోయాయి, ఆ నాయకుడే పార్టీ మారాడు. రెండు చర్చిలు మాత్రం మిగిలాయి.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. ఆ కుర్చీలు అడిగి తెచ్చింది నేనే. అప్పుడు సంఘ కార్యదర్శిని. ఊరికే వస్తున్నాయి కదా అనుకున్నాను.

డోర్నకల్ వెళ్లినవాళ్లు ఎందరున్నారు ఇక్కడ? చేతులెత్తండి. సరే, పర్లేదు. అక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళాయన. మిషనరీగా ఇటొచ్చి తెలుగువాళ్ల మధ్యే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఇంగ్లండు చర్చి సంప్రదాయపు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1939లో ప్రతిష్ఠించిన ఆయన కెథడ్రల్ చూడండి. మసీదు మీద ఉన్నట్టు గుమ్మటాలు, గుళ్లో ఉన్నట్టు స్తంభాలు. పొరుగువాడి చేతిపని తీసుకుంటే తన విశ్వాసం పలచబడుతుందని ఆయన భయపడలేదు.

నేను చెప్పాలనుకున్నది అది కాదు, సీట్ల సంగతి. బ్రిటిషువాళ్లు మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్న రోజుల్లో అజరయ్య గారు క్రైస్తవులకు అవి వద్దన్నారు. ఊరికే వస్తున్న సీట్లు! సంఘం ఒక ఓట్ల గుంపుగా మారితే పక్కవాడికి సువార్త ఏ ముఖంతో చెప్తాం? అలాగని ఆయన కాంగ్రెస్ మనిషీ కాదు, మతమార్పిడుల మీద గాంధీ గారితో గట్టిగా విభేదించారు. ఇటూ అటూ ఎవరి కుర్చీలోనూ కూర్చోలేదు. నేను వంద ప్లాస్టిక్ కుర్చీలకే లొంగిపోయాను.

1919లో తమిళ తీరంలోని తరంగంబాడిలో సంఘాల ఐక్యత మాట మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకరు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఇరవై ఎనిమిదేళ్లు మాట్లాడుకున్నారు. పెద్ద చిక్కు ఎక్కడొచ్చిందో తెలుసా? బిషప్ తల మీద చేతులుంచి అభిషేకించని పాదిరి ఇచ్చే ప్రభువు భోజనం చెల్లుతుందా అని. చివరికి ఉన్న పాదిర్లెవరికీ మళ్లీ అభిషేకం అక్కర్లేదు, ఇకముందు అయ్యేవాళ్లకు మాత్రం బిషప్ చేతులుంచుతారు అని తేల్చుకున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. అటు పంజాబులో మతం పేరిట నరుక్కుంటున్నారు. అజరయ్య గారు 1945 జనవరి 1నే పోయారు, ఆ రోజు చూడలేదు. బాప్టిస్టులు, లూథరన్లు కలవలేదు. ఆ రెండు సంఘాలవాళ్లూ ఇక్కడున్నారు, నవ్వుతున్నారు కూడా. నవ్వండి, మీతో నాకు పేచీ లేదు. విడిగా ఉండీ ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చు.

పన్నెండుమంది శిష్యుల్లో మత్తయి రోమావాళ్ల ఏలుబడి కింద పన్ను వసూలు చేసినవాడు. జెలోతే అనబడిన సీమోను, ఆ పేరే చెప్తోంది, రోమావాళ్లను తరిమేయాలన్న పక్షం వాడు. ఒకరిది అధికార పార్టీ, ఒకరిది ప్రతిపక్షం కంటే ఎక్కువ. రాత్రి నిప్పు దగ్గర వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో సువార్తల్లో లేదు. ప్రభువు మాత్రం ఇద్దరికీ ఒకే రొట్టె విరిచాడు. అక్కడ చాపా కుర్చీ తేడా లేదు.

ఓటు వెయ్యండి. నేనూ వేస్తాను, ఎవరికో మా ఆవిడకీ చెప్పను.

నాలుగేళ్ల కింద ఒక రాత్రి, నేనూ మా ఆవిడా సీసాడు థిన్నర్, పాత బనీన్లు పట్టుకుని చర్చిలో కూర్చున్నాం. తెల్లారేసరికి ముప్పై ఆరు కుర్చీల మీద పేరు తుడిచాం. చేతులు మండిపోయాయి. దాత గారిని అవమానించానని కమిటీ నన్ను తీసేసింది. మొన్న కార్తీకంలో చాపలవాళ్ల పెద్దమ్మ ఒకామె చనిపోతే ఆ ముప్పై ఆరూ ఆటోలో వేసి షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాను. ఒకాయన కుర్చీ తిప్పి వీపు చూశాడు. పేరు పోయింది కానీ ఎర్ర మరక ఉంది. కాసేపు ఆగి కూర్చున్నాడు. మిగతావాళ్లు నిలబడే ఉన్నారు.

హారన్ వినబడుతోంది, వచ్చినట్టున్నారు. ఎమ్మెల్యే గారి కోసం టర్కీ టవల్ పరిచి వేదిక మధ్యలో వేసిన ఈ పెద్ద కుర్చీ ఉందే, దీన్ని కిందికి దించి మీ వరసలో, ఆ అవ్వ పక్కన వేద్దాం. ఇద్దరు రండి బాబూ, బరువుగా ఉంది.