గేటుకి తాళం వేస్తే గల్లీ మనదైపోదు

అందరికీ నమస్కారం. మన గల్లీల్లో దూరిపోయే బయటి బండ్ల గురించి, గేట్లకి తాళం వేద్దామన్న ప్రపోజల్ గురించి మాట్లాడుకోవడానికి ఆదివారం పొద్దున పనులన్నీ పక్కనపెట్టి వచ్చారు, థ్యాంక్స్. మన కాలనీ వాళ్లే కాకుండా పక్క మూడు కాలనీల నుంచి కూడా వచ్చారు, నాకు ఎక్కువ సంతోషం అదే. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు మా ఇంటి ముందు సంగతి చెప్తాను. మాది కార్నర్ ఇల్లు. రోజూ ఆరున్నరకి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గేస్తాను. ఏడున్నరకి వచ్చి చూస్తే ముగ్గు మీద టైరు అచ్చు ఉంటుంది. ముగ్గు పోతే రేపు మళ్లీ వేసుకుంటాను, బాధ దాని గురించి కాదు. ఆ అచ్చు మా గేటుకి జానెడు దూరంలో ఉంటోంది. ఎదురుగా వచ్చిన కారుకి దారిస్తూ ఇంకో కారు మా గేటు అంచు దాకా వచ్చేసిందన్నమాట. మా మనవడు బ్యాగు తగిలించుకుని స్కూల్ వ్యాన్ కోసం నిలబడేది సరిగ్గా అక్కడే.

పోయిన నెల ఒక రోజు కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని నోట్‌బుక్‌లో పోయే బండికొక గీత చొప్పున గీశాను, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. పావుగంట కాకుండానే పేజీ నిండిపోయింది. కొట్టాయనకి మన బండ్లన్నీ తెలుసు. "మేడం, ఇందులో మనవాళ్లవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు" అన్నాడు. మిగతావన్నీ మేడిపల్లి వైపు నుంచి ఉప్పల్ పోయేవే, వరంగల్ హైవే జామ్ అయిందని మన గల్లీలోకి తిరిగినవే.

హైవే ఎందుకు జామ్ అవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6 కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్, అంటే పొడవాటి ఫ్లైఓవర్, పని 2018లో మొదలైంది. ఆ పిల్లర్లు, ఆ దుమ్ము, ఆ గుంతల మధ్య మనం ఎన్నేళ్లు తిరిగామో మనకే తెలుసు. దాని గురించి అర్జీలు వేరే ఇచ్చాం, ఇంకా ఇస్తాం. కానీ అది పూర్తయితే మన గల్లీ బాధ తీరిపోతుందని చాలామంది అంటున్నారు, దాన్ని నేను నమ్మట్లేదు. ఫ్లైఓవర్ దిగిన చోట మళ్లీ క్యూ ఉంటుంది, ఆ క్యూ తప్పించుకోవడానికి మళ్లీ ఏదో ఒక గల్లీ కావాలి. ఒకసారి షార్ట్‌కట్‌కి అలవాటు పడ్డ మనిషి దాన్ని అంత తేలిగ్గా వదలడు.

ఇక్కడ ఒక విషయం కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే "పోనీలే పాపం, గల్లీలోంచి పోతే మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గుతుంది కదా" అని మనలోనే కొందరు మంచి మనసుతో అంటున్నారు. తగ్గదు. హైవేని నీళ్ల సీసా అనుకోండి, దాని మూతి ఉప్పల్ చౌరస్తా. సీసాకి పక్కన ఎన్ని చిల్లులు పెట్టి నీళ్లు లోపలికి పోసినా, మూతిలోంచి నిమిషానికి ఎన్ని నీళ్లు బయటికి వస్తాయో అన్నే వస్తాయి. మన గల్లీలో దూరిన కారు ఎక్కడికో మాయమైపోదు, అర కిలోమీటరు ముందు మళ్లీ అదే హైవే మీదికి ముక్కు దూరుస్తుంది. అది దూరేటప్పుడు మెయిన్ రోడ్డు మీద పద్ధతిగా క్యూలో వస్తున్న బస్సు బ్రేక్ కొట్టాలి, ఆ బస్సులో అరవై మంది ఉంటారు. దాంతో వెనక క్యూ ఇంకా పెరుగుతుంది, అది చూసి ఇంకో పది మంది గల్లీలోకి తిరుగుతారు. పైగా ఇదివరకు ఈ దారి ఈ చుట్టుపక్కల వాళ్లకి మాత్రమే తెలిసేది, ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఒకే టైముకి "ఇక్కడ ఎడమకి తిరగండి" అని చెప్తోంది. మ్యాప్‌కి మన రోడ్డు నీలం గీత మాత్రమే. అక్కడ అంగన్‌వాడీ ఉందని, రోడ్డు వెడల్పు ఇరవై అడుగులేనని, అందులో ఆరు అడుగులు పార్క్ చేసిన కార్లవని దానికి పట్టదు.

అలాగని ఆ బండి నడిపేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ పిల్లల్ని స్కూల్లో దింపి తొమ్మిదింటికి పంచ్ కొట్టాల్సిన వాళ్లే. మనం కూడా హబ్సిగూడలో జామ్ అయితే ఎవరి కాలనీలో నుంచి పోతున్నామో గుర్తు తెచ్చుకోండి. అందుకే రోడ్డు మీద నిలబడి గొడవ పడటం వద్దంటున్నాను. పోయిన వారం ఒక కుర్రాడి బైక్ తాళం లాక్కున్నారని విన్నాను, అలా చేయొద్దు.

ఇంకోటి, మనం చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. రెండేళ్ల కింద రాత్రికి రాత్రి సిమెంటు కలిపి రెండో గల్లీ మొదట్లో స్పీడ్ బ్రేకర్ పోశాం, ఆ రోజు డబ్బులిచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. అడుగున్నర వెడల్పు, గోడలా నిటారుగా ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. వారం తిరక్కుండా కొడుకు బండి వెనక కూర్చున్న ఒక పెద్దావిడ ఎగిరి పడి మణికట్టు విరిగింది. ఆవిడ బయటి మనిషి కాదు, నాలుగో గల్లీ ఆవిడే. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు స్పీడ్ బ్రేకర్‌కి కొలతలు ఎప్పుడో ఇచ్చారు: 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే దాదాపు పన్నెండు అడుగుల మేర మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోతే నడుం కదలదు, అంతకు మించితే కుదుపు తెలుస్తుంది. మనం పోసిందాన్ని పగలగొట్టి ఈ కొలతలతో వేయించుకోవాలి.

వేగం మీద ఎందుకింత పట్టు అంటే, 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు కూర్చుని, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రకటించారు. 30లో తగిలితే మనిషి బతికే అవకాశం చాలా ఎక్కువ, 50కి వచ్చేసరికి అది బాగా పడిపోతుంది. మన గల్లీలో ఉదయం కార్లు ఎంత వేగంతో పోతున్నాయో మీరే చూస్తున్నారు.

సరే, గేటు సంగతికొద్దాం. చాలామంది ఇక్కడికి వచ్చింది అందుకేనని తెలుసు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు రెండు వైపులా గేటుకి తాళం వేసి వాచ్‌మన్‌ని పెడదామని ప్రపోజల్. అమెరికాలో అచ్చం ఇలాగే చేసిన ఊరొకటి ఉంది. న్యూజెర్సీలో లియోనియా అని తొమ్మిది వేల మంది ఉండే చిన్న టౌన్, న్యూయార్క్ వెళ్లే జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జికి దగ్గర. బ్రిడ్జి జామ్ అయితే మ్యాప్‌లు జనాన్ని వాళ్ల వీధుల్లోకి తోసేవి. 2018 జనవరిలో ఉదయం, సాయంత్రం రద్దీ టైముల్లో దాదాపు 60 వీధుల్లోకి బయటివాళ్లు రాకూడదని రూల్ పెట్టారు. ఊరివాళ్ల కార్లకి పసుపు రంగు ట్యాగులు, మిగతావాళ్లకి 200 డాలర్ల ఫైన్. ఏమైంది? ట్రాఫిక్ తగ్గిందని ఊళ్లో కొందరు సంతోషించారు, గిరాకీ పడిపోయిందని షాపులవాళ్లు మొత్తుకున్నారు, కేసు పడింది, అదే ఏడాది ఆగస్టులో జడ్జి ఆ రూల్ చెల్లదన్నారు. రవాణా శాఖ అనుమతి తీసుకోకుండా చేశారన్నది ముఖ్య కారణం. అక్కడ కనీసం మున్సిపాలిటీ పెట్టిన రూల్ అది, మనం పెడదామంటున్నది అసోసియేషన్ తాళం. మన లేఅవుట్ అప్రూవ్ అయినప్పుడే రోడ్లు మున్సిపాలిటీకి రాసిచ్చేశారు, అవి మనవి కావు. బండ్లని ఆపే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రభుత్వానికీ, అది అప్పగించిన అధికారులకీ ఉంటుంది, మనకి కాదు.

అంత దూరం ఎందుకు, సికింద్రాబాద్‌లో సైన్యం వాళ్ల ఏఓసీ గేట్ల గురించి మల్కాజ్‌గిరి చుట్టాల్ని అడగండి. రోడ్డు మూసేస్తే ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరగాలో, గుండెనొప్పి వచ్చిన మనిషిని కారులో పెట్టుకుని ఎంత టెన్షన్ పడాలో చెప్తారు. కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని 2018లో రక్షణ శాఖే చెప్పాల్సి వచ్చింది. మనకి ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

నేను అడిగేది వేరు. రోడ్డు తెరిచే ఉండాలి, ఏ ఇంటికైనా కారు వెళ్లగలగాలి, కానీ ఈ చివర దూరి ఆ చివర తేలడం మాత్రం కుదరకూడదు. అమెరికాలోనే బర్కిలీ అనే ఊళ్లో 1970లలోనే ఇది చేశారు. నాలుగు గల్లీలు కలిసే చోట ఐమూలగా, ఈ మూల నుంచి ఆ మూలకి, స్తంభాలో మొక్కల తొట్లో వరసగా పెడతారు. కారు అక్కడికొచ్చి నేరుగా పోలేదు, పక్కకి మళ్లి, తను వచ్చిన మెయిన్ రోడ్డు మీదికే చేరుతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, వీల్‌చైర్లు మధ్యలోంచి పోతాయి. ఆ సందులో బైకులూ పోతాయి, నిజమే, వాటిని ఆపలేం, వాటికి సరైన కొలతల స్పీడ్ బ్రేకర్ ఉండాలి. మధ్య స్తంభం ఊడదీసేలా ఉండాలి, 108 వచ్చినా ఫైరింజన్ వచ్చినా ఆగకుండా. వన్‌వే బోర్డులు పెడదామని కొందరన్నారు, కానీ మన దగ్గర రాంగ్ రూట్ సంగతి తెలిసిందే, పోలీసు లేని చోట బోర్డు ఎవరూ చూడరు. తొట్టిని మాత్రం చూడక తప్పదు.

దీనివల్ల మనకీ ఇబ్బందే. అవతలి చౌరస్తాకి కారులో పోవాలంటే మనమూ నాలుగైదు నిమిషాలు చుట్టు తిరగాలి. అది ఒప్పుకున్నవాళ్లే చెయ్యెత్తండి, ముందు సరేనని తర్వాత తొట్లు పక్కకి జరపొద్దు.

ఇక పక్క కాలనీల వాళ్లని పిలిచింది ఇందుకే: మనం ఒక్కళ్లమే చేసుకుంటే ఆ బండ్లన్నీ రేపు పొద్దున మీ గల్లీలోకి వస్తాయి, మ్యాప్ వాటిని అక్కడికే పంపుతుంది. అది మీకు అన్యాయం. నాలుగు కాలనీలకీ కలిపి ఒకే ప్లాన్ ఉండాలి, ఒకే అర్జీ మీద నాలుగు అసోసియేషన్ల సంతకాలుండాలి, మున్సిపల్ ఆఫీసులో ఒక కాపీ, ట్రాఫిక్ పోలీసులకి ఒక కాపీ. అర్జీలో ఒక్కసారే శాశ్వతంగా కట్టమని అడగొద్దు. ఇసుక నింపిన డ్రమ్ములతో మూడు నెలలు ట్రయల్ అడుగుదాం, పనిచేయకపోతే అవే దొర్లించుకుని తీసేయొచ్చు.

అర్జీతో పాటు లెక్క ఉండాలి, నేను అరుగు మీద కూర్చుని గీసిన పేజీ చాలదు. మంగళ, బుధ, గురువారాలు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆరు మూలల్లో ఇద్దరిద్దరు నిలబడాలి. ఒకరు కార్లు, ఆటోలు, ట్యాంకర్లు రాస్తారు, ఇంకొకరు బండి నంబరు చివరి నాలుగు అంకెలు, టైము రాస్తారు. అవే అంకెలు ఐదు నిమిషాల్లో అవతలి మూలలో కనిపిస్తే అది దూరిపోయిన బండి, లేకపోతే మన ఇంటికొచ్చిన చుట్టం. లెక్క అయ్యాక ఆ నంబర్ల కాగితాలు చించేద్దాం, ఎవరి మీదా కంప్లయింట్‌కి వాడొద్దు. మొత్తం పన్నెండు మంది కావాలి, కిరాణా కొట్టు మూల నేనూ మా కోడలూ చూసుకుంటాం, ఇంకా పది పేర్లు కావాలి. నోట్‌బుక్ ఈ బల్ల మీదే ఉంది, వెళ్లేటప్పుడు పేరు, ఏ మూలో రాసి వెళ్లండి.