విలన్ లేని నాటకం: కొల్లేరు కథను జనం ముందు ఎలా ఆడాలి?

(స్టూడియో చర్చ లిఖిత రూపం)

వ్యాఖ్యాత: నమస్కారం. మనిషి ఈ నేలకూ నీటికీ చేస్తున్నది నాటకంలో చూపించగలమా? ఇవాళ్టి చర్చ దీని మీదే. కొల్లేరు లంక గ్రామాల్లో వీధి నాటకం ఆడించిన దర్శకురాలు, అందులో వేషం వేసిన సీనియర్ నటుడు, జంతుశాస్త్రం అధ్యాపకుడు మనతో ఉన్నారు. మేడం, మొదటి ప్రదర్శన సరిగ్గా రాలేదని విన్నాను.

దర్శకురాలు: జనానికి నచ్చిందండి, అదే వచ్చిన చిక్కు. చెరువుల కామందు ఒకడు, నల్ల కళ్లద్దాలు, వెనకాల పొక్లెయిన్ చప్పుడు. వాడు కనిపించగానే ఈలలు. ఆట అయ్యాక ఒకావిడ నా దగ్గరకొచ్చింది. "అమ్మా, ఆ కళ్లద్దాలాయన మా ఊళ్లో ఎవరూ లేరు. మాకున్న ఎకరం చేపల చెరువుకి లీజుకిచ్చాం. ఆ డబ్బుతోనే పిల్లని నర్సింగ్ చదివించాం. మరి మేం చెడ్డవాళ్లమా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నటుడు: ఆ కళ్లద్దాల వేషం నాదే. నేను నలభై ఏళ్లు పద్యనాటకాల్లో దుర్యోధనుడు వేసినవాణ్ణి. దుర్యోధనుడికి కూడా తన వాదన తనకుంటుందండి. పద్యం ఎత్తుకుంటే ఎదురుపక్షం వాళ్లు కూడా చెవి ఒగ్గి వింటారు. ఈ కామందుకి మా అమ్మాయి వాదనే రాయలేదు. నేనప్పుడే అన్నాను, వినలేదు.

దర్శకురాలు: నిజమే మాస్టారూ. మీరు చెప్పారు, నేనే వినలేదు.

వ్యాఖ్యాత: సార్, అసలు కొల్లేరులో జరిగిందేమిటో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పండి.

అధ్యాపకుడు: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరుల నీళ్లు ఇందులోకి వస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి సరస్సు లోపల చేపల చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు దిగారు. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో అదే ప్రభుత్వ యంత్రాంగం వచ్చి ఆ చెరువుల గట్లు కొట్టేసింది. కొన్నాళ్లకు చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఇందులో ఒక్క మనిషిని చూపించి "ఇతనే కారణం" అనడం కుదరదు.

వ్యాఖ్యాత: మీరు ఉపగ్రహ చిత్రాలతో ఊళ్లలో ఉపన్యాసాలు కూడా ఇచ్చారు కదా?

అధ్యాపకుడు: ఇచ్చాను. పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి. పది నిమిషాల్లో సగం మంది ఫోన్లు తీసేవారు. రష్యన్ రచయిత చెకోవ్ నాటకం 'అంకుల్ వాన్యా'లో సరిగ్గా ఇదే ఉంది. డాక్టర్ ఆస్త్రోవ్ తమ జిల్లా పటాలు పరుస్తాడు. యాభై ఏళ్ల కిందట అడవి ఇంత, పాతికేళ్ల కిందట ఇంత, ఇప్పుడు ఇంతే అని. ఎదుట ఉన్న ఎలేనా మనసు అక్కడ ఉండదు. 1897లో అచ్చయిన నాటకం! అడవి గురించి చెప్పడమే కాదు, చెబుతుంటే మనం ఎలా వినమో కూడా రాశాడు. ఆ సీను చదివాకే నేను మేడం దగ్గరకు వెళ్లాను.

దర్శకురాలు: రెండోసారి పద్ధతి మొత్తం మార్చాం. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవల్ ఫోరమ్ థియేటర్ అని ఒక పద్ధతి తయారుచేశాడు. కథను ఒక చిక్కుముడి దగ్గర ఆపేస్తాం. చూసేవాళ్లలో ఎవరైనా లేచి పాత్ర తీసుకోవచ్చు. మాది ఒకే ఇంటి కథ. లీజు కాగితం మీద రేపు సంతకం పెట్టాలి. ఇంటాయన, ఆవిడ, వల తప్ప వేరే ఆధారం లేని ఆయన తమ్ముడు. ఆ ముగ్గురే. కళ్లద్దాలు పెట్టెలో పెట్టేశాం.

వ్యాఖ్యాత: ఎవరైనా లేచారా?

దర్శకురాలు: మొదటి అరగంట ఎవరూ కదల్లేదు. నాకు ఒకటే టెన్షన్. అప్పుడు వెనకాల నుంచి ఒక పెద్దాయన లేచి తమ్ముడి పాత్ర తీసుకున్నాడు. అన్న పాత్రధారి ముందు కూర్చుని, "నువ్వు గట్టు వేశావు సరే. నా వల ఎక్కడ వెయ్యమంటావు?" అన్నాడు. అంతే అన్నాడు. అన్న వేషంలో ఉన్నది మాస్టారు.

నటుడు: నాకు మాట రాలేదండి. ఎన్నో స్టేజీలు ఎక్కాను, డైలాగ్ మర్చిపోయిన రోజు లేదు. ఆయన నటించడం లేదు. నిజంగా అడుగుతున్నాడు. ఆ పక్కనే కూర్చున్న ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. వాళ్లకు చెరువులున్నాయని తర్వాత తెలిసింది.

వ్యాఖ్యాత: ఒక సూటి ప్రశ్న. ఈ నాటకం చూసి ఎవరైనా చెరువు వదులుకున్నారా?

దర్శకురాలు: లేదు. ఒక్కరు కూడా లేరు. అబద్ధం చెప్పను.

వ్యాఖ్యాత: మరి ఎందుకు ఆడాలి?

నటుడు: నేను చెబుతాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు. ఆ ఉద్యమం నడిపిన రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. మరుసటి ఏడాది సారాను నిషేధించారు. నాటికలు సారా దుకాణాలు మూయించాయని నేననను. మూయించింది ఆ ఆడవాళ్లు. కానీ వాళ్లు ఒకచోట కూర్చోవడానికి ఆ పాటలు, నాటికలు ఒక సాకు అయ్యాయి.

అధ్యాపకుడు: కేరళలో శాస్త్ర సాహిత్య పరిషత్ అనే సైన్సు ప్రచార సంస్థ 1980 నుంచే శాస్త్ర కళాజాతాలు నడిపింది. సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే జలవిద్యుత్ ప్రాజెక్టును ఎదిరించిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు. మన దగ్గర శాస్త్రం తెలిసినవాళ్లు ఒకవైపు, వేషం కట్టేవాళ్లు ఒకవైపు ఉండిపోయారు. అందులో నా తప్పూ ఉంది.

వ్యాఖ్యాత: తర్వాతి నాటకం?

దర్శకురాలు: విజయవాడలో. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చేసింది కదా. అంతకుముందు ఆ పట్నం వాళ్లకు కొల్లేరు గురించి చెబితే లంకల గొడవ అనుకునేవారు. బుడమేరు నీళ్లు చివరికి చేరేది కొల్లేరుకేనండి. అందుకే మునిగిన వీధుల్లోనే ఆడతాం. గోడమీద నీటి మరక ఎక్కడిదాకా ఉందో అక్కడ సుద్దతో గీత గీస్తాం, సెట్టింగ్ అంతే. ఫ్లెక్సీలు కట్టం, డప్పు వేసి పిలుస్తాం.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఈసారి మీ వేషం?

నటుడు: రిటైరైన గుమాస్తా. పీఎఫ్ డబ్బంతా పెట్టి ఏటి పక్కన చవగ్గా వస్తోందని స్థలం కొంటాడు. ఎందుకు కొన్నాడో రెండు పేజీల నిండా రాసిచ్చింది అమ్మాయి. ఇంకా కంఠతా రాలేదు.