గుల్ల వదిలేసిన నత్త

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక దొంగ గురించి చెబుతాను.

సముద్రంలో కొన్ని నత్తలకు గుల్ల ఉండదు. పసితనంలో చిన్నది ఉంటుంది, పెరిగేటప్పుడు వదిలేస్తాయి. న్యూడిబ్రాంకులంటారు వీటిని. మూడు వేల రకాలకు పైనే ఉన్నాయి. పగడపు దిబ్బల మీద ఊదా, పసుపు, నారింజ రంగుల్లో మెల్లగా పాకుతుంటాయి. గుల్ల లేదు, పరిగెత్తలేవు, పైగా ఒంటినిండా కొట్టొచ్చే రంగులు. మరి చేపలు ఊరుకుంటాయా?

ఊరుకుంటాయి. వీపు మీద వేళ్ళలాంటి పోగులున్న రకమే చూడండి. దాని తిండి సీ అనిమోన్లు, అంటే రాళ్ళకు అంటుకుని పువ్వుల్లా కనిపించే జీవులు, ఇంకా వాటి చుట్టాలు. జెల్లీ చేప తగిలితే ఒళ్ళు మండుతుందే, ఆ మంట పెట్టే సరంజామాయే వీటికీ ఉంటుంది. కంటికి కనపడనంత చిన్న గుళికలవి, ముట్టుకుంటే చాలు, పేలి సూదిలాంటి దారం చిమ్ముతాయి. మన నత్త ఆ సరంజామాతో సహా నమిలేస్తుంది. కొన్ని పేలిపోతాయి. పేలనివాటిని అరిగించుకోదు, పొట్టలోంచి వీపు మీది పోగుల చివరలకు చేర్చి దాచుకుంటుంది. చేప వచ్చి కొరికిందా, అవి బయటికొచ్చి దాని నోట్లోనే పేలతాయి. తను తయారు చేసుకున్నవి కావు సుమండీ, దొంగిలించినవి! ఒకసారి నోరు మండిన చేప ఆ రంగు జోలికి మళ్ళీ రాదు.

ఇంత సోకు చేసుకున్నా ఒకదాని రంగు ఇంకోదానికి కనపడదు. కళ్ళకు వెలుగు, చీకటి తెలిస్తే గొప్ప. తలమీది రెండు కొమ్ములతో వాసన పట్టి జోడు వెతుక్కుంటాయి. ప్రతిదీ ఆడే, ప్రతిదీ మగే. కలిశాక రెండూ గుడ్లు పెడతాయి, రిబ్బను చుట్టినట్టు.

పగడపు దిబ్బలు చూడాలంటే అండమానో, లక్షద్వీపో వెళ్ళాలి. కానీ వీటి చుట్టాలు మన విశాఖ తీరంలోనూ ఉన్నాయి. అమావాస్యకో పౌర్ణమికో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు తెన్నేటి పార్కు కింద రాళ్ళ మధ్య నీటి గుంటల్లో ఓపిగ్గా వెతకండి. చాలావరకు గోరంతే ఉంటాయి. చేత్తో పైకి తీయకండి, నీళ్ళు లేకపోతే ముద్దైపోతుంది, చూడటానికి ఏమీ మిగలదు. రాయి ఎత్తితే మాత్రం, మళ్ళీ అదే వైపు కిందికి ఉండేలా పెట్టండి. గుడ్లు ఆ అడుగునే అంటుకుని ఉంటాయి, ఎండ తగిలితే పోతాయి. అదే వైపు కిందికి, మరిచిపోకండి. నాచు మీద కాలు జారుతుంది, జాగ్రత్త. పోటు మొదలవకముందే గట్టెక్కేయండి.