గారుడి గొంబె నడుము దగ్గర రెండు కళ్లు

నమస్తే అండీ. ఈ షాట్ ఇక్కడ ఆపుతున్నా. బొమ్మ మొహం వదిలేసి కిందికి చూడండి. నడుము దగ్గర, చీర మడతల మధ్య, అరచేయంత వలగుడ్డ కనిపిస్తోందా? దాని వెనక రెండు కళ్లున్నాయి. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో సెల్ఫీ దిగనివాళ్లు లేరు. ఒక్కరూ ఆ కళ్లను చూసినట్టు లేదు. నేనూ ఇంటికొచ్చి ఎడిట్ చేస్తుంటేనే చూశా, దాపరికం ఎందుకు.

ఇది బెంగళూరు మారతహళ్లి దగ్గర, నవంబరు 1న, కన్నడ రాజ్యోత్సవం నాడు, అంటే కర్ణాటక అవతరణ దినాన. 1956లో సరిగ్గా అదే రోజు మన ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడింది. మా బ్లాకులో సగానికి సగం తెలుగువాళ్లమే. పసుపు ఎరుపు జెండా కింద నిలబడి టిఫిన్ తినేసి వెళ్లిపోతుంటాం. ఈసారి కమిటీ వాళ్లు డొళ్లు కుణిత జట్టుతో (పెద్ద డోళ్లు వాయిస్తూ ఆడేవాళ్లు) పాటు ఒక జత గారుడి గొంబెల్ని కూడా పిలిపించారు.

గొంబె అంటే బొమ్మ. గారుడి అంటే మన గారడీయే. మైసూరు దసరా ఊరేగింపులో మనుషుల తలల మీంచి ఊగుతూ పోతాయే, అవే ఇవి. మాది తణుకు వైపు, అక్కడ వీటికి అక్కచెల్లెళ్లున్నారు: బుట్టబొమ్మలు. పేరు వినగానే మీకు పాట గుర్తొచ్చి ఉంటుంది, ఏం చేస్తాం. అసలు బుట్టబొమ్మంటే ఎండుగడ్డి, రంపంపొట్టు, పేడతో చేసిన డొల్ల బొమ్మ. మనిషి దాన్ని తల మీంచి తొడుక్కుని ఆడతాడు. చిన్నప్పుడు తీర్థంలో అది నా వైపు వంగితే అమ్మ కొంగులో దూరిపోయేవాణ్ణి.

గొంబెకి ఎముకలన్నీ వెదురు బద్దలే. పైన చీరో పంచో చుట్టి, తల బిగిస్తారు. బరువంతా మోసేవాడి భుజాల మీద. ఇప్పుడు ఈ క్లిప్ నెమ్మదిగా తిప్పుతా, చేతులు చూడండి. వాటిని లోపలి మనిషి ఆడించట్లేదు. అతను భుజం విసురుగా తిప్పి టక్కున ఆగాడు, బొమ్మ చేతులు మాత్రం ఆగకుండా ఇంకో సగం చుట్టు తిరిగాయి. డోలు దెబ్బ ఆ చేతులు ఆగేచోట పడింది! ఆ లెక్క తెలియనివాడు తొడుక్కుంటే అది నడిచే బొమ్మ అవుతుంది గానీ ఆడే బొమ్మ అవదు.

ముందు ఒకతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు చూశారా? అలంకారానికి అనుకున్నా. పైన కేబుల్ వైర్లు ఎత్తడానికట. లోపలివాడికి ఆకాశం కనిపించదు కదా.

ఆట మధ్యలో దగ్గరికి వెళ్లి, నాకొచ్చిన కన్నడంలో "నీరు బేకా అణ్ణా?" అన్నా. బొమ్మ కడుపులోంచి తెలుగులో జవాబు! కోలారు వైపు మనిషట.

"వద్దు సార్. తాగితే మళ్లా బయటికి పోవాల. ఇది విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాల."

గంటన్నర ఆడాడండీ, ఎండలో.

ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సాయంత్రం డీజేకి అడ్వాన్స్ వారం ముందే వెళ్లింది. వీళ్లు మాత్రం ఆట అయ్యాక క్లబ్‌హౌస్ మెట్ల మీద కూర్చుని, చెక్కు మీద సంతకం పెట్టాల్సినాయన భోజనం ముగించేదాకా ఎదురుచూశారు. ఆ కమిటీలో నేనూ ఉన్నా.

ఈ బొమ్మల్నీ ముసుగుల్నీ తీరిగ్గా చూడాలంటే మైసూరు రోడ్డులో రామనగర దగ్గర జానపద లోక అనే జానపద కళల మ్యూజియం ఉంది, జానపద పరిశోధకులు హెచ్.ఎల్. నాగేగౌడ గారు పెట్టింది. పిల్లల్ని తీసుకెళ్లండి, పూటంతా పడుతుంది.

చివరి క్లిప్ ఇది. గొంబెల్ని టెంపోలో వెల్లకిలా పడుకోబెట్టి తాళ్లతో కట్టారు. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ బొమ్మ పక్కనే ఎక్కాడు. అప్పటిదాకా బొమ్మ చుట్టూ తిరిగిన మా అబ్బాయి నన్ను గిల్లి అడిగాడు: "నాన్నా, ఆ అంకుల్ ఎవరు?"