ఆ పదిమంది లెక్కలో ఎవరెవరు? యూదుల మత జీవితం మళ్ళీ చిగురించిన కథ

[తెర మీద: చలికాలపు మధ్యాహ్నం. నిండిపోయిన స్టేడియం. నల్లకోట్లు, టోపీలు.]

2020 జనవరి 1. అమెరికాలోని న్యూజెర్సీ, మెట్‌లైఫ్ స్టేడియం. ఎముకలు కొరికే చలిలో, ఆరుబయట సుమారు 90 వేల మంది కూర్చున్నారు. ఆ రోజు అక్కడ ఆట ఏదీ లేదు. ఒక గ్రంథాన్ని చివరి ఆకు దాకా చదివి ముగించినందుకు జరుపుకుంటున్న పండుగ అది.

నమస్కారం. ఆ గ్రంథం పేరు తాల్ముద్. యూదుల ధర్మశాస్త్ర చర్చలు, కథలు, వాదప్రతివాదాలు అన్నీ కలిసిన మహాసముద్రం. రోజుకు ఒక ఆకు చొప్పున చదివితే 2,711 ఆకులు పూర్తి కావడానికి దాదాపు ఏడున్నర సంవత్సరాలు పడుతుంది. ఆ స్టేడియానికి వచ్చినవారంతా పండితులేమీ కారు. దుకాణాలు నడిపేవారు, వైద్యులు, వకీళ్ళు ఉన్నారు. తెల్లవారకముందే లేచో, రైల్లో ఉద్యోగానికి వెళ్తూనో ఆ రోజు ఆకు ఆ రోజు చదువుకున్నవారు వీరు.

ఆధునిక జీవితం వచ్చాక మతం సన్నగిల్లుతుందని తరచుగా వింటుంటాం. యూదుల విషయంలో సన్నగిల్లిన మాట నిజమే. అయినా ఆ చదువు, ఆ ప్రార్థన ఎక్కడెక్కడ మళ్ళీ చిగురించాయో వెతుకుతూ పోతే, దాదాపు ప్రతి చోటా నాకు ఒకే దృశ్యం కనిపించింది. అంతవరకూ లెక్కలోకి రాని వారెవరో ముందుకు వచ్చి, ఆ పుస్తకం తమ చేతికి ఇవ్వమని అడగడం. ఈ వీడియోలో చెప్పబోయేది ఆ కథే.

[తెర మీద: తాల్ముద్ ఆకు. మధ్యలో మూలం, ఇరువైపులా చిన్న అక్షరాల్లో వ్యాఖ్యలు.]

ముందు ఈ ఆకును చూడండి. మధ్యలో ఉన్నది మూలం. ఒక పక్క ఉన్నది రాషీ వ్యాఖ్య. రాషీ 11వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని ట్రోయ్ పట్టణంలో జీవించాడు. కాళిదాసును చదవబోయే వారికి మన మల్లినాథసూరి ఎలా తోడుంటాడో, తాల్ముద్ తెరిచే వారికి రాషీ అలా తోడుంటాడు. రెండో పక్క ఉన్నది తర్వాతి తరాల పండితుల చర్చ. కొన్నిచోట్ల రాషీతోనే విభేదిస్తారు. 1520లలో వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు తాల్ముద్ మొత్తాన్ని తొలిసారి అచ్చువేశాడు. ఆయన పెట్టిన ఆకుల సంఖ్యలే ఇప్పటికీ నడుస్తున్నాయి. అందుకే ఏ దేశంలోనైనా, ఏ ఇంట్లోనైనా ఫలానా అంకె ఆకు అంటే ఒకే ఆకు.

సంప్రదాయంగా ఈ ఆకును ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, బిగ్గరగా చదువుతూ, ఒకరి అర్థాన్ని ఒకరు ప్రశ్నిస్తూ సాగుతారు. ఈ జతను హవ్రూతా అంటారు. 'హవేర్' అంటే స్నేహితుడు. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

గుర్తుంచుకోవలసిన మాట ఇంకొకటి ఉంది: మిన్యన్. లెక్క అని అర్థం. యూదుల మూల ధర్మగ్రంథమైన తోరాను సభలో చదవాలన్నా, చనిపోయిన తల్లిదండ్రుల కోసం కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలన్నా పదిమంది ఉండాలి. భవనం అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు. పదిమంది చాలు. కానీ శతాబ్దాల పాటు ఆ పది అంటే పదిమంది పురుషులు. సంఘానికి ఆధారమైన ఆ లెక్కలోనే సగం సంఘం లేదు.

[తెర మీద: పాత పారిస్ చిత్రం.]

యూరప్‌లో యూదులు ఎక్కువగా తమ సంఘం నీడలోనే బతికేవారు. పన్నులు, తగవులు, బడి, పెళ్ళి అన్నీ సంఘమే చూసేది. 1791లో ఫ్రాన్స్ యూదులకు పూర్తి పౌరసత్వం ఇచ్చింది. తర్వాతి శతాబ్దంలో మిగతా దేశాలు ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఎంతో గొప్ప మార్పు అది. దాంతోపాటే ఒక చిక్కు వచ్చింది. అంతకుముందు యూదుడిగా పుట్టినవాడు యూదుడిగానే బతికేవాడు, వేరే దారి లేదు. ఇప్పుడు అది ఎవరికి వారు ఎంచుకోవలసిన విషయమైంది. జర్మనీలో కొందరు ప్రార్థనను జర్మన్ భాషలోకి తెచ్చారు, యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరంలో ఆర్గన్ వాయించారు. ఇంకొందరు ఆచారాన్ని అణువంత కూడా వదలకుండానే విశ్వవిద్యాలయాలకు వెళ్ళారు. ఆ వాదాలు పెద్దవి. నేను మాత్రం ఒక కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్తాను.

[తెర మీద: క్రకోవ్ వీధి.]

పోలండ్‌లోని క్రకోవ్. సారా షెనిరర్ అక్కడ బట్టలు కుట్టి బతికేది. మగపిల్లలను చిన్నప్పుడే మత పాఠశాలకు పంపేవారు. ఆడపిల్లలు ప్రభుత్వ బడిలో పోలిష్ సాహిత్యం, చరిత్ర చదువుకునేవారు. సొంత ధర్మం గురించి వారికి క్రమంగా చెప్పేవారు లేరు. ఇంట్లో అన్న ఒక ప్రపంచంలో, చెల్లెలు మరొక ప్రపంచంలో పెరిగేవారు. కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్ళు దుస్తుల మీద పెట్టే శ్రద్ధ ఆత్మకు తొడిగే వస్త్రం మీద పెట్టడం లేదని సారా బాధపడేది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆమె వియన్నాకు వెళ్ళింది. అక్కడ ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, హనుక్కా పండుగనాడు యూదు స్త్రీల ధైర్యం గురించి చేసిన ప్రసంగం విన్నది. తిరిగి వచ్చి 1917లో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. ఆ బడులకు 'బైస్ యాకోవ్' అని పేరు. తోరాను ఆడపిల్లలకు క్రమబద్ధంగా నేర్పడం ఆ సంప్రదాయ వర్గాల్లో కొత్త విషయం, అభ్యంతరాలూ వచ్చాయి. బెల్జ్ పట్టణానికి చెందిన, హసిదీ అనే భక్తి సంప్రదాయపు గొప్ప గురువు ఆశీర్వదించడంతో ఆమెకు అండ దొరికింది. 1935లో ఆమె మరణించేనాటికి యూరప్‌లో వందల బడులు నడుస్తున్నాయి. ఆమె తిరుగుబాటు చేయలేదు, మిన్యన్‌లో చోటు అడగలేదు. పుస్తకం అడిగింది. దాని ఫలితం ఎంత దూరం పోయిందో చివర్లో చూస్తాం.

1923లో వియన్నాలో జరిగిన ఒక మహాసభలో రబ్బీ మేయిర్ షపీరో చిన్న ప్రతిపాదన చేశాడు. ప్రపంచంలోని యూదులందరూ ఒకే రోజు ఒకే ఆకు చదువుదాం. ఒక మనిషి తాల్ముద్ చంకన పెట్టుకుని ఓడలో అమెరికాకు పోతాడు. న్యూయార్క్‌లో దిగి, ఏదో ఒక అధ్యయన మందిరంలో అడుగుపెడతాడు. అక్కడివారూ ఆ రోజు సరిగ్గా అదే ఆకు చదువుతుంటారు. అపరిచితుల మధ్య అంతకంటే తొందరగా కలిసే దారి ఏముంటుంది? ఈ పద్ధతికి 'దాఫ్ యోమి' అని పేరు. 'దాఫ్' అంటే ఆకు. మన తాళపత్ర గ్రంథాల్లో ఆకులు లెక్కపెట్టినట్టే.

తర్వాత హోలోకాస్ట్ వచ్చింది. అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపారు. సారా బడుల్లోని ఎందరో పిల్లలు, ఉపాధ్యాయినులు అందులో ఉన్నారు.

[తెర మీద: న్యాయవాది గౌను వంటి నల్ల దుస్తుల్లో ఒక స్త్రీ ఛాయాచిత్రం. కొన్ని క్షణాలు నిశ్శబ్దం.]

ఈమె రెజీనా యోనస్, బెర్లిన్ అమ్మాయి. స్త్రీ రబ్బీ కావచ్చా అన్న ప్రశ్న మీద ధర్మశాస్త్ర ఆధారాలతో పరిశోధనా వ్యాసం రాసింది. కావచ్చు అన్నది ఆమె జవాబు. 1935 డిసెంబరులో ఒక రబ్బీ ఆమెను పరీక్షించి పట్టం ఇచ్చాడు. ప్రపంచంలో రబ్బీ పట్టం పొందిన మొదటి స్త్రీ ఆమె. 1942లో నాజీలు ఆమెను తెరేజీన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడ మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్‌తో కలిసి, రైలు దిగి దిక్కుతోచక నిలబడిన వారిని ఎదురువెళ్ళి ఓదార్చేది. ప్రసంగాలు చేసేది. 1944లో ఆమెను ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపారు.

యుద్ధం ముగిశాక ఆమె పేరు ఎత్తినవారే అరుదు. 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ రబ్బీ అయినప్పుడు చరిత్రలో మొదటి మహిళా రబ్బీ అని చాలామంది అనుకున్నారు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు బెర్లిన్‌లోని ఒక దస్త్రాల భాండారంలో రెజీనా కాగితాలు బయటపడ్డాయి. ఆ పట్టం కాగితం అందులోనే ఉంది. ఈ కథ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆమె ప్రాణం తీసినవారు ఒకరు. ఆమెను తర్వాత మరచిపోయింది మాత్రం సొంతవారే.

[తెర మీద: బోస్టన్ పరిసరాల్లో ఒక ఇల్లు. నేల మీద దిండ్లు.]

ఇప్పుడు అమెరికా. యుద్ధం తర్వాత యూదు కుటుంబాలు నగరాల నుంచి శివార్లకు తరలివెళ్ళాయి. పెద్ద పెద్ద సమాజమందిరాలు లేచాయి. వేదిక మీద రబ్బీ మాట్లాడతాడు, గాయకుడు పాడతాడు, జనం కుర్చీల్లో కూర్చుని చూస్తారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఈ పద్ధతి వారికి గిట్టలేదు. 1968లో ఆర్థర్ గ్రీన్, ఆయన మిత్రులు బోస్టన్ ప్రాంతంలో 'హవురత్ షలోమ్' మొదలుపెట్టారు. నేల మీద దిండ్లు వేసుకుని గుండ్రంగా కూర్చునేవారు. వంతులవారీగా ప్రార్థన నడిపేవారు. కలిసి వండుకుని తినేవారు. హవురా అంటే మిత్రబృందం. ఇందాక గుర్తుంచుకోమన్న 'హవేర్' నుంచే ఆ మాట పుట్టింది. క్రమంగా ఇలాంటి బృందాలు ఊరూరా వచ్చాయి. పెద్ద సమాజమందిరాలు కూడా తమలో తాము చిన్న హవురాలు ఏర్పరచుకున్నాయి.

అయితే దిండు వేసుకుని గుండ్రంగా కూర్చున్నంత మాత్రాన పది లెక్క మారిపోలేదు. దాన్ని అడగడానికి కొందరు స్త్రీలే రావలసి వచ్చింది. 1971లో న్యూయార్క్‌లో చదువుకున్న యువతులు కొందరు 'ఎజ్రత్ నాషీమ్' అనే బృందంగా చేరారు. ఆ పేరుకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ప్రార్థనా మందిరంలో స్త్రీలకు విడిగా కేటాయించిన చోటు. రెండు, స్త్రీల సాయం. మరుసటి ఏడాది మార్చిలో, సంప్రదాయానికీ మార్పుకీ మధ్య దారిలో నడిచే కన్సర్వేటివ్ శాఖ రబ్బీల మహాసభకు వెళ్ళి తమ కోరికల పత్రం పంచారు. మిన్యన్‌లో మమ్మల్ని లెక్కపెట్టండి. మా సాక్ష్యం చెల్లనివ్వండి. రబ్బీ చదువు చదవనివ్వండి. 1973లో ఆ శాఖ ధర్మశాస్త్ర సంఘం స్త్రీలను మిన్యన్‌లో లెక్కించవచ్చని తీర్మానించింది. 1985లో ఏమీ ఐల్బర్గ్ ఆ శాఖలో మొదటి మహిళా రబ్బీ అయింది.

ఇదంతా ఒక అంకె గురించిన పట్టుదల అనిపిస్తే, హెన్రియెట్టా సోల్డ్ ఉత్తరం సంగతి వినండి. హదాసా అనే మహిళా సంస్థను స్థాపించిన వ్యక్తి ఆమె. 1916లో తల్లి పోయింది. ఆ ఇంట్లో ఎనిమిదిమంది ఆడపిల్లలు పుట్టారు, మగపిల్లలు లేరు. కొడుకు లేని ఇల్లు కదా అని ఒక కుటుంబ మిత్రుడు తాను కద్దిష్ చెబుతానని మంచి మనసుతో ముందుకొచ్చాడు. ఆమె ఎంతో మర్యాదగా వద్దని రాసింది. మీ మేలు మరచిపోను, కానీ ఆ పని నేనే చేస్తాను అన్నది. నాన్న పోయినప్పుడు కూడా కూతుళ్ళ స్థానంలో వేరెవరూ కద్దిష్ చెప్పడానికి అమ్మ ఒప్పుకోలేదని గుర్తుచేసింది. కర్మకు కొడుకే ఉండాలన్న మాట మన ఇళ్ళలోనూ వింటూ పెరిగాం. ఆ ఉత్తరంలోని బాధను మన ఆడపిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థొడాక్స్ యూదుల మిన్యన్‌లో నేటికీ పురుషులనే లెక్కిస్తారు. అది వారి ధర్మశాస్త్ర నిర్ణయం. దాన్ని మనస్ఫూర్తిగా పాటించే స్త్రీలూ ఎందరో ఉన్నారు. వారి లోకంలో మార్పు వేరే గుమ్మం నుంచి, చదువు గుమ్మం నుంచి వచ్చింది.

[తెర మీద: గుంటూరు జిల్లా పల్లె, చిన్న ప్రార్థనా మందిరం.]

లెక్కలోకి రావడం అన్న ప్రశ్న మన గడప దాకా కూడా వచ్చింది. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సంఘం ఉంది. మాదిగ కుటుంబాలు. క్రైస్తవులుగా ఉంటూ వచ్చి, తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లోని ఎఫ్రాయిము సంతతి వారమని చెబుతూ 1991లో సమాజమందిరం కట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వారిని యూదులుగా గుర్తించలేదు. వంశం సంగతి చరిత్రకారులు తేలుస్తారు. ఊరు అంచున నిలబెట్టిన మనుషులు తమను లెక్కపెట్టే ఒక బల్లను వెతుక్కుంటూ, అక్షరం దిద్దుతూ కూర్చున్న ఆ పట్టుదల మాత్రం నాకు తలవంచి నమస్కరించదగినదిగా కనిపిస్తుంది.

[తెర మీద: మళ్ళీ తాల్ముద్ ఆకు. ఈసారి ఫోను తెర మీద.]

ఆ ఆకులో విరామ చిహ్నాలు ఉండవు, అచ్చుల గుర్తులు ఉండవు. భాష ఎక్కువగా అరమాయిక్ అనే ప్రాచీన భాష. చిన్ననాటి నుంచి గురువు దగ్గర కూర్చోని వారికి అది గోడే. 1965లో జెరూసలేంకు చెందిన రబ్బీ అదీన్ స్టైన్‌సాల్ట్స్ ఆ గోడకు తలుపులు పెట్టడం మొదలుపెట్టాడు. అచ్చులు, విరామాలు చేర్చి, పక్కన సులభమైన హీబ్రూలో వివరణ రాశాడు. ప్రతిపదార్థం, తాత్పర్యంతో మన పంచకావ్యాలు చదువుకున్నట్టు. పూర్తి కావడానికి 45 సంవత్సరాలు పట్టింది. ఆయన మొదలుపెట్టినప్పుడు యువకుడు, ముగించినప్పుడు 73 ఏళ్ళవాడు. 2017లో ఆ వివరణను సెఫారియా అనే ఉచిత గ్రంథాలయం అందరికీ అంతర్జాలంలో అందుబాటులో ఉంచింది. ఇప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా, ఫోను ఉన్న ఎవరైనా తెరవవచ్చు.

[తెర మీద: జెరూసలేం. సభామందిరం నిండా స్త్రీలు.]

2020 జనవరి 5. న్యూజెర్సీ స్టేడియం సభ జరిగిన నాలుగు రోజులకు జెరూసలేంలో మరో సభ జరిగింది. ఏడున్నర సంవత్సరాల దాఫ్ యోమి పూర్తిచేసిన స్త్రీల కోసం స్త్రీలే ఏర్పాటు చేసిన సభ. వేలమంది వచ్చారు. ఎక్కువమంది ఆర్థొడాక్స్ కుటుంబాల వారు. సారా షెనిరర్ తన బడిలో తాల్ముద్ నేర్పలేదు, ఆ కాలంలో అది ఊహకు కూడా అందని సంగతి. నూరేళ్ళు కాస్త దాటేసరికి, ఆడపిల్ల చదవాలని ఆమె తెరిచిన దారిలో వీరు ఇంత దూరం వచ్చారు.

గ్రంథం ముగించినప్పుడు చెప్పే ఒక ప్రార్థన ఉంది. 'హద్రాన్' అనే మాటతో మొదలవుతుంది. తాల్ముద్‌నే ఉద్దేశించి, మనిషితో మాట్లాడినట్టు, మళ్ళీ నీ దగ్గరికి వస్తాం, మమ్మల్ని మరచిపోకు, మేమూ నిన్ను మరచిపోం అంటారు. ఆ రోజు వేల కంఠాలతో ఆ స్త్రీలు ఆ మాట పలికారు.

అదే రోజు కొత్త ఆవృత్తి మొదలైంది. అది 2027 జూన్‌లో పూర్తవుతుంది. తాల్ముద్‌లో ఒకటో ఆకు లేదు, దాదాపు ప్రతి గ్రంథభాగమూ రెండో ఆకుతోనే మొదలవుతుంది. ఆ రెండో ఆకులో ఉన్న మొట్టమొదటి వాక్యం ఒక ప్రశ్న: సాయంకాలపు ప్రార్థనను ఏ వేళ నుంచి చెప్పుకోవచ్చు?