మడతకి ముందు గ్రెయిన్ చూడండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రెస్సుల యజమానులకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న కటింగ్, పంచింగ్ ఆపరేటర్లకు నమస్కారం. నాకిచ్చిన అంశం క్రీజింగ్ మెషిన్ పనిచేసే తీరు. అది చెప్తాను. కడుపులో ఇంకో మాట ఉంది, అదీ చెప్పే దిగుతాను.

క్రీజింగ్ అంటే కోత కాదు, మడత పడాల్సిన చోట కార్డు మీద గీతగా నొక్కడం. పైన మొద్దు అంచున్న స్టీలు పట్టీ, దాన్నే రూల్ అంటాం, కింద గాడి. రూల్ కార్డుని గాడిలోకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి లోపలి పొరలు ఒకదాన్నొకటి వదులుతాయి, పై పొర తెగదు. వెనకవైపు సన్నని గట్టు లేస్తుంది. మడిచినప్పుడు ఆ గట్టు లోపలికే ఉండాలి. బయటికి పెట్టి మడిస్తే పై పొర సాగి పగులుతుంది. గాడి వెడల్పుకి మేం వాడే లెక్క, రూల్ మందానికి కార్డు మందం రెండింతలు కలపడం. రూల్ 0.7 మి.మీ., కార్డు 0.3 మి.మీ. అయితే గాడి 1.3. ఇరుకైతే కార్డు తెగుతుంది, మరీ వెడల్పైతే మడత గీత తప్పుతుంది.

ఇక నా మాట. పెళ్లిళ్ల సీజన్లో ఒక ప్రెస్ నుంచి ముదురు మెరూన్ శుభలేఖలు వచ్చాయి. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే కార్డు, డిజిటల్ ప్రింట్. గాడి మార్చాం, ఒత్తిడి తగ్గించాం, మడత మీద తెల్లగీత పోలేదు. ఎలా పోతుంది? షీటుకి ఒక కార్డు ఎక్కువొస్తుందని ప్రెస్ వాళ్లు తిప్పి సెట్ చేశారు, మడత గ్రెయిన్‌కి, అంటే కాగితంలో పీచు పడుకున్న దిక్కుకి, అడ్డంగా పడింది. పైగా డిజిటల్ ప్రింటులో రంగు వేసే టోనర్ పొడి కాగితంలోకి ఇంకదు, పైనే పొరగా ఉంటుంది. పెళ్లివారికి మాత్రం క్రీజింగ్ వాళ్లే పాడుచేశారని చెప్పారు. మా కూలి ఆపారు. డబ్బు పోతే పోనీండి, ఆ మాట పడ్డ మా కుర్రాడు మర్నాడు పనికే రాలేదు.

అయ్యా, మీ చేతుల్లో ఈ సభ ఆహ్వానపత్రం ఉంది కదా, తీయండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచండి. ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. తేలిగ్గా వంగినప్పుడు మడత ఎటు పడుతుందో గ్రెయిన్ అటే. మిల్లులో గుజ్జు జాలీ మీద పరుగెత్తేటప్పుడే పీచు ఎక్కువగా ఆ దిక్కున పడుకుంటుంది. దాని వెంట మడిస్తే పీచు పక్కకి జరుగుతుంది, అడ్డంగా మడిస్తే విరుగుతుంది. లక్షలు పోసి ఏ మెషిన్ తెచ్చినా పీచు దిక్కు మారదు.

టైమైందని చీటీ వచ్చింది, ఒక్క నిమిషం. లేఅవుట్ వేసే పిల్లలకి చెప్పండి, కాగితం కోయించకముందే మడత ఎటో అడగమని. జాబ్ చీటీ మీద గ్రెయిన్ బాణం గుర్తు వేసి పంపండి. గుర్తు లేకుండా వస్తే ఎంత అర్జెంటైనా మీకు ఫోన్ చేశాకే మెషిన్ ఎక్కిస్తాం.